ఘాట్ రోడ్డులో ఏటా అదే బెండు దగ్గర కొండ ఎందుకు జారుతుంది? గోడ కట్టాక కూడా!

#1 మాడుగుల_మాస్టారు
మాడుగుల నుంచి పాడేరు వైపు రోజూ ఘాట్ ఎక్కి స్కూలుకి వెళ్తాను, పదకొండేళ్లుగా ఇదే పని. దారిలో ఒక బెండు (మలుపు) ఉంది. ఏదో చెప్పను గానీ ఆ రూట్లో తిరిగేవాళ్లకి తెలిసిపోతుంది. ప్రతి వానాకాలం అక్కడ చరియ విరిగి రోడ్డు మీద పడుతుంది, జేసీబీ వస్తుంది, మట్టి తీస్తుంది, పోతుంది. మూడేళ్ల కిందట కొండవైపు ఒక గోడ, లోయవైపు ఒక గోడ కట్టారు. హమ్మయ్య, పీడ వదిలింది అనుకున్నాం. ఇప్పుడు చూస్తే కొండవైపు గోడ పొట్ట పెట్టింది, ఓ చోట జానెడు ముందుకొచ్చింది. పోయిన వారం వానకి గోడ మీంచే మట్టి దూకి రోడ్డు మీద పడింది. రెండు గంటలు బస్సులో కూర్చున్నాం. అసలు కొండల్లో జారకుండా రోడ్డు వెయ్యడం మనవాళ్లకి చేతకాదా, లేక వెయ్యనివ్వరా? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 బెంగళూరు_బాబాయ్
ఇందులో తెలుసుకోడానికి ఏముంది మాస్టారూ. పది బస్తాల సిమెంటు పడాల్సిన చోట ఆరు పడుంటాయి. మిగతా నాలుగు ఎవరింటి మేడకో వెళ్లుంటాయి. టాపిక్ క్లోజ్.

#3 పులిహోర
మూడేళ్లకే పొట్ట వచ్చిందంటే ఆ గోడకి గవర్నమెంటు ఉద్యోగం వచ్చినట్టే

#4 రిటైర్డ్_ఏఈ
బాబాయ్ గారూ, సిమెంటు తినరని నేను సర్టిఫికెట్ ఇవ్వను, ముప్పై ఏళ్లు ఇంజనీరుగా ఆ డిపార్ట్‌మెంటులోనే ఉన్నాను కదా. కానీ ఉన్న సిమెంటు మొత్తం పోసినా ఆ గోడ పొట్ట పెట్టే ఉండేదని నా అనుమానం.

కొండని మోసేది గోడ కాదు. గోడ మట్టిని ఆపగలదు, నీళ్లని ఆపలేదు. గోడ వెనక నాలుగు మీటర్ల ఎత్తున నీళ్లు నిలిచాయనుకోండి, మీటరు పొడవు గోడ మీద నీటి తోపుడే ఎనిమిది టన్నులు. మట్టి తోపుడు దానికి అదనం. గోడకి నీళ్లు పోయే దారి లేకపోతే మీరు కట్టింది రిటైనింగ్ వాల్ కాదు, ఆనకట్ట. ఆనకట్టకి వేసే పునాది దీనికి వెయ్యరు కదా.

ఇంకో సంగతి. ఎండాకాలంలో ఆ వాలు అంత నిటారుగా ఉన్నా నిలబడే ఉంటుంది, ఎందుకంటే పొడిమట్టిలో రేణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకుంటాయి. నీళ్లు సందుల్లో దూరి వాటిని కొంచెం విడదీస్తాయి, అంతే, పట్టు పోతుంది. అందుకే చరియలు వాన మొదలైన రోజు కాకుండా నాలుగైదు రోజులు ముసురు పట్టాక ఎక్కువ పడతాయి. మీ గోడకి కన్నాలు ఉన్నాయా మాస్టారూ? ముందు అది చెప్పండి.

#5 మాడుగుల_మాస్టారు
ఉన్నాయి సార్. వరసగా పీవీసీ పైపులు బయటికి కనిపిస్తాయి. పిల్లలు వాటిల్లో చాక్లెట్ కాగితాలు కుక్కుతుంటారు.

#6 రిటైర్డ్_ఏఈ
వానలో వాటిలోంచి నీళ్లు రావడం ఎప్పుడైనా చూశారా?

#7 మాడుగుల_మాస్టారు
...ఇప్పుడు ఆలోచిస్తే, లేదు. ఎప్పుడూ చూడలేదు.

#8 జేసీబీ_సూరి
మాస్టారూ, మీరు చెప్పే బెండు నాకు తెలుసు, అక్కడ మట్టి తీసినోళ్లలో నేనూ ఒకడిని. తిట్టుకోకుండా వినండి. చరియ పడితే మాకు ఫోన్ వస్తుంది, గంటలో రోడ్డు తెరవాలంటారు. పడ్డ మట్టిని కింద నుంచి తోడతాం. తోడితే ఏమవుతుందండీ, పైన ఇంకా పడకుండా ఆనుకుని ఉన్నది ఆ కింది మట్టే. దాన్ని లాగేస్తే పైది మళ్లీ వదులవుతుంది. రెండు రోజులకి మళ్లీ పడుతుంది, మళ్లీ ఫోన్. ఒక సీజన్లో ఒకే చోటికి ఐదుసార్లు వెళ్లాను. తీసిన మట్టి టిప్పర్లో ఎక్కించి దూరంగా వేయాలి. అక్కడ టిప్పర్ ఎవరు పెడతారు? బకెట్‌తో లోయలోకి తోసేయమంటారు, తోసేస్తాం.

#9 బెంగళూరు_బాబాయ్
అంటే కొండ సగం నువ్వే పడగొట్టావన్నమాట

#10 జేసీబీ_సూరి
నాకు గంట లెక్కన డబ్బులిస్తారు బాబాయ్, కొండ లెక్కన కాదు. మట్టి మోయడానికి బిల్లు లేదన్నాక నేను చేసేదేంటి.

#11 రాయి_రప్పా
సూరి చెప్పింది మా సబ్జెక్టులో మొదటి పాఠం. వాలుకి పాదం కొయ్యకూడదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మన దగ్గర చేసేదే పాదం కొయ్యడం.

నేను జియాలజీ చదివాను, ఆ కొండల్లో తిరిగాను కూడా. తూర్పు కనుమల్లో అరకు, పాడేరు, అనంతగిరి వైపు ఎక్కువ ఉండేది ఖొండలైట్ అనే రాయి. ఆ పేరు కూడా అక్కడి ఖోండు గిరిజనుల మీదే పెట్టారు. తాజాగా ఉంటే గట్టిదే. కానీ ఎండకీ వానకీ లక్షల ఏళ్లు నాని నాని ఎర్రమట్టిగా, మధ్య మధ్య తెల్లటి సుద్దలాంటి చారలుగా మారిపోతుంది. చేత్తో నలిపితే పొడవుతుంది. ఆ మట్టి పొర కొన్నిచోట్ల ఇంటి ఎత్తున ఉంటుంది, కింద గట్టి రాయి. వాన నీళ్లు మట్టిలోంచి దిగి ఆ రాయి దగ్గర ఆగిపోయి, దాని మీద పక్కకి పారతాయి. మట్టంతా ఆ తడి పలక మీద కూర్చుని ఉంటుంది. జారక ఏం చేస్తుంది?

తిరుమల కథ పూర్తిగా వేరు. రెండు ఘాట్ల మీదా బస్సులు తిరుగుతాయి కాబట్టి అందరూ ఒకటే అనుకుంటారు. అక్కడ పైన ఉన్నది క్వార్ట్‌జైట్, ఇనుములాంటి రాయి, కానీ నిలువునా అడ్డంగా పగుళ్లు. అది జారదు, బండ బండగా ఊడిపడుతుంది. దానికి గోడ కడితే బండ గోడని దూకి వస్తుంది. అక్కడ కావలసింది ఉక్కు వలలు, బండని లోపలి రాయికి బిగించే రాక్ బోల్టులు, వదులుగా ఉన్న బండల్ని ముందే దించెయ్యడం.

ఘాట్ మీద బస్సు పోతుంటే జియాలజీ వాళ్ల బోర్డు ఒకటి ఉంటుంది, జాతీయ భూవిజ్ఞాన స్మారకం అని. కింద పాత గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు, ఆ రెండింటి మధ్య గీతలో కోట్ల ఏళ్ల చరిత్ర మాయం. అందరూ ఆ టైమ్‌లో గోవిందా అంటుంటారు, నేనొక్కణ్ణే కిటికీలోంచి రాయి చూస్తుంటాను, మా ఆవిడ నా తల తిప్పుతుంది.

#12 తిరుపతి_వాసు
2021 నవంబరు వానలు గుర్తొచ్చాయి. డిసెంబరు 1 పొద్దున తిరుమల ఎక్కే అప్ ఘాట్‌లో పెద్ద బండలు పడి రోడ్డు కొట్టుకుపోయింది. మా మామ కుటుంబం పైన ఉండిపోయారు. ఎక్కడం దిగడం అంతా ఒకే ఘాట్ మీద, వంతులవారీగా వదిలారు. తర్వాత ఐఐటీ నుంచి నిపుణులొచ్చి చూశారు. మావాళ్లందరూ అనేది ఒకటే, 1944 నాటి పాత ఘాట్ నిలబడింది, 1974లో వేసింది విరిగింది అని. పాతదానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహా కదా.

#13 రిటైర్డ్_ఏఈ
వాసూ, పాతవాళ్ల పని గొప్పదే, కానీ పాత ఘాట్‌లోనూ రాళ్లు పడ్డ సందర్భాలున్నాయి. ఒక్క తేడా మాత్రం నిజం. పాత ఘాట్ 36 మలుపులు తిరుగుతూ కొండ ఎలా ఉంటే అలా పోతుంది, కాబట్టి కోత తక్కువ. రోడ్డు ఎంత తిన్నగా, ఎంత వెడల్పుగా కావాలంటే కొండని అంత లోతుకి కొయ్యాలి. పైగా అప్పట్లో ఉలి, సుత్తి, కొంచెం మందు. ఇప్పుడు డ్రిల్లు వేసి బోలెడు మందు పెట్టి పేలుస్తారు, కనిపించే రాయి ఊడుతుంది, కనిపించని రాయి లోపల బీటలిస్తుంది. ఆ బీటల్లోకి మరుసటి వానాకాలం నీళ్లు.

#14 హైటెక్_సిటీ_77
అసలు కారణం ఎవరూ చెప్పట్లేదు. ఆ కొండల మీద పోడు కొట్టి అడవి నరికేస్తున్నారు, చెట్లు లేక మట్టి జారుతోంది. ముందు దాన్ని ఆపండి.

#15 కాఫీతోట
77 గారూ, మీరు ఎప్పుడైనా ఆ బెండు పైకి ఎక్కి చూశారా? మాది ఆ పైన ఊరే. అక్కడ పోడు లేదు, కాఫీ ఉంది, నీడకి సిల్వర్ ఓక్ ఉంది, మిరియం పాదులున్నాయి. మా తాత నాటినవి. చరియ పడింది మా తోటలో కాదు, రోడ్డు కోసం కోసిన కోతలో. కోత పైఅంచు నుంచి మా తోట వరకు ఏ చెట్టూ కదల్లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కోత అంచు మా మామిడి చెట్టు వేరు వరకు వచ్చింది, వేళ్లు గాలిలో వేలాడాయి. రెండో ఏడు ఆ చెట్టే మొదట పడింది. అప్పుడు కూడా పేపర్లో పోడు వల్లే అని రాశారు.

#16 హైటెక్_సిటీ_77
మీ ఊరి గురించి కాదు, జనరల్‌గా అన్నాను.

#17 కాఫీతోట
జనరల్‌గా ఎప్పుడూ మేమే దొరుకుతాం మీకు.

#18 రాయి_రప్పా
అన్నిచోట్లా పోడు తప్పేం కాదని నేను అనను, ఏటవాలు మీద వేళ్లు పోతే పైమట్టి కొట్టుకుపోతుంది. కానీ ఇక్కడ మాత్రం కాఫీతోట మాటే సరి. రోడ్డు పక్క చరియల్లో ఎక్కువ భాగం కోసిన వాలులోనే మొదలవుతాయి. 2024 జులై 16న కర్ణాటకలో అంకోలా దగ్గర శిరూరులో జరిగింది చూడండి, నాలుగు లేన్ల హైవే కోసం కోసిన కొండ, వారం రోజుల వాన, టీ కొట్టు, లారీలు అన్నీ గంగావళి నదిలోకి పోయాయి.

#19 గ్రెఫ్_మాజీ
లేటుగా వచ్చాను. బోర్డర్ రోడ్స్‌లో ఇరవై రెండేళ్లు చేశాను, సిక్కిం, తర్వాత ఉత్తరాఖండ్. మీ పాడేరు కొండలు ముసలివి, బుద్ధిగా కూర్చుంటాయి. హిమాలయాలు ఇంకా పెరుగుతున్న కుర్రకొండలు, కాలు ఒకచోట నిలవదు. రుద్రప్రయాగ దగ్గర సిరోబగడ్ అని ఒక చోటుంది. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ పడుతోంది, నేను రిటైరయ్యాకా పడుతోంది. మన హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్సీ (ఇస్రో ఉపగ్రహ చిత్రాల కేంద్రం) వాళ్లు 2023లో కొండచరియల అట్లాస్ తెచ్చారు కదా, 1998 నుంచి 2022 వరకు సుమారు 80 వేల చరియలు లెక్కగట్టారు, ముప్పున్న జిల్లాల్లో మొదటి పేరు ఆ రుద్రప్రయాగే.

అక్కడ నేను నేర్చుకున్నది ఇంతే. రోడ్డు వేసే ముందు కొండ ఎటు ఒరిగిందో చూడాలి. పుస్తకాల దొంతర బల్ల మీద ఏటవాలుగా పెట్టి కింది పుస్తకం లాగండి. పొరలు మీవైపు ఒరిగి ఉంటే అన్నీ మీ ఒళ్లో పడతాయి. అవతలి వైపు ఒరిగి ఉంటే కదలవు. లోయకి ఒక వైపు పొరలు రోడ్డు మీదికి ఒరిగితే ఎదురు వైపు కొండలోకి ఒరిగి ఉండొచ్చు. అప్పుడు ఒక బ్రిడ్జి ఖర్చు పెట్టుకుని అవతలి ఒడ్డుకి మారడమే చవక. కానీ ఎస్టిమేట్ రాసే రోజు బ్రిడ్జి ఖరీదు కనిపిస్తుంది, ఇరవై ఏళ్లు మట్టి తీసే ఖరీదు కనిపించదు.

#20 అత్తిలి_అక్క
మేము చార్‌ధామ్ వెళ్లినప్పుడు బదరీనాథ్ దారిలో పదమూడు గంటలు ఆగిపోయాం అండీ. నలభై మందిమి. మా వంటాయన స్టవ్ రోడ్డు మీదే పెట్టి ఉప్మా చేశాడు, ముందు వెనక బస్సుల వాళ్లు కూడా తిన్నారు. మరి అంత వెడల్పు రోడ్లు వేస్తున్నా ఎందుకు పడుతున్నాయి?

#21 గ్రెఫ్_మాజీ
అక్కా, అంత వెడల్పు వేస్తున్నారు కాబట్టే అని ఒక వర్గం అంటుంది. చార్‌ధామ్ ప్రాజెక్టు దాదాపు 889 కిలోమీటర్లు. 2020లో సుప్రీంకోర్టు తారు వెడల్పు 5.5 మీటర్లకి మించొద్దంది, సైన్యం అవసరాలని కేంద్రం చెప్పాక 2021 డిసెంబరులో రెండు లేన్లకి ఒప్పుకుంది. నాకు రెండు వైపులా మనసుంది. ట్యాంకు, మిస్సైల్ బండి పోవాలంటే వెడల్పు కావాలి, అది నేను కళ్లారా చూశాను. కానీ వెడల్పుకి దారి కొండని నిటారుగా కొయ్యడం ఒక్కటే కాదు. కొంత కోసి, కొంత లోయవైపు గోడ కట్టి నింపి, మరీ కుదరనిచోట లోయవైపు స్తంభాల మీద సగం వంతెన వెయ్యొచ్చు. కోయడం త్వరగా అవుతుంది, మట్టి కింద నదిలోకి తోసేయొచ్చు. సూరి, నీ అన్నలు అక్కడా ఉన్నారు.

#22 జేసీబీ_సూరి
అన్నలు క్షేమమేనా

#23 పచ్చని_పల్లె
ఇంత చర్చ ఎందుకు, వట్టివేరు నాటండి. వేరు పది అడుగులు దిగుతుంది, ఖర్చు లేదు, కాంక్రీటు లేదు.

#24 రిటైర్డ్_ఏఈ
వట్టివేరు మంచిదే, నేనే నాటించాను. పై రెండు మూడు మీటర్ల మట్టికి కుట్టు వేసినట్టు పట్టుకుంటుంది, వాన దెబ్బకి పైపొర కొట్టుకుపోకుండా ఆపుతుంది. కొబ్బరిపీచు వల పరిచి దాని కంతల్లో నాటితే ఇంకా బాగా పట్టుకుంటుంది. కానీ జారే తలం ఎనిమిది మీటర్ల లోతున ఉంటే వట్టివేరుతో సహా జారుతుంది. అప్పుడు నెయిలింగ్ కావాలి, అంటే వాలులోకి ఇనుప కడ్డీలు దింపి సిమెంటు పాలు ఎక్కించడం, లేదా లోపలికి అడ్డంగా కన్నాల పైపులు దింపి నీటి మట్టం దించడం. నాటిన నారుకి మొదటి ఎండాకాలం నీళ్లు కూడా పొయ్యాలి. నేను నాటించిన దాన్లో సగం మేకలు తిన్నాయి.

#25 క్యోటో_కిరణ్
ఇక్కడ జపాన్‌లో కొండకి గళ్ల చీర కట్టినట్టు కాంక్రీటు చట్రం వేస్తారు, గళ్ల మధ్యలో గడ్డి, చట్రం కూడలి దగ్గర లోపలి రాయి దాకా దింపిన యాంకర్లు, అంటే పట్టి ఉంచే ఉక్కు కడ్డీలు. మన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కూడా 1960ల్లో జపాన్ సాయంతో వేసిందే. నాకు నచ్చింది మాత్రం కాంక్రీటు కాదు. ముప్పున్న ప్రతి రోడ్డు ముక్కకి ఒక వాన లెక్క ఉంటుంది, మొత్తం ఇన్ని మిల్లీమీటర్లు దాటితే చరియ పడకముందే గేటు వేసేస్తారు. బోర్డు మీద ఆ అంకె రాసి ఉంటుంది.

#26 పులిహోర
మన దగ్గర గేటు వేస్తే పక్కనుంచి బైకు ఒంచి దూర్చి, అవతల నిలబడి సెల్ఫీ

#27 కాఫీతోట
నవ్వులాటగా ఉంది గానీ గేటు వేస్తే మా ఊరి గర్భిణీలు ఎటు దిగాలి? గేటు ఒక్కటే కాదు, వాన ముందే వాళ్లని పాడేరు ఆసుపత్రి దగ్గరికి చేర్చే ఏర్పాటు కూడా ఉండాలి.

#28 క్యోటో_కిరణ్
నిజమే, ఇక్కడ గేటు వేసినా తిరిగి వెళ్లడానికి ఇంకో రోడ్డు ఉంటుంది. అది మర్చిపోయి రాశాను.

#29 మాడుగుల_మాస్టారు
ఆదివారం బెండు దగ్గరికి వెళ్లొచ్చాను, కాఫీతోట తమ్ముడు కూడా దిగివచ్చాడు. ఏఈ సార్ అడిగినవి ఒక్కొక్కటీ చూశాం.

కొండవైపు గోడకి ఇరవై మూడు పైపులున్నాయి. చీపురుపుల్లల కట్ట, తర్వాత గొడుగు కడ్డీ తోసి చూశాను. పద్దెనిమిదింటిలో మూరెడు కూడా పోలేదు, టక్కుమని ఆగింది. రెండింటిలో ఎర్రబురద. అంటే పైపు ముక్క గోడ మందం దాకా కూడా లేదు, ముందు కనిపించడానికి పెట్టారు! గోడ పైకి ఎక్కి వెనక చెయ్యి పెట్టి తవ్వితే కంకర లేదు, సైజు రాళ్లు లేవు, అదే ఎర్రమట్టి తిరిగి నింపేశారు. చెయ్యి తీస్తే మోచేతి దాకా తడి, వాన ఆగి నాలుగు రోజులైంది.

కోత పైన నీళ్లు మళ్లించడానికి ఒక కాలువ కూడా ఉంది, ఉందని నాకు ఇన్నాళ్లూ తెలీదు. ఆకులతో నిండి ఒకచోట అడుగు చిట్లిపోయింది. ఆ చిట్లిన చోటు సరిగ్గా గోడ పొట్ట పెట్టిన చోటికి నెత్తిన ఉంది.

ఇంకోటి, లోయవైపు తారు అంచున పగులు చూశాను. తిన్నగా లేదు, నెలవంకలా వంగి రెండు కొసలూ లోయవైపు తిరిగాయి. రూపాయి బిళ్ల నిలువుగా దూరింది.

#30 బెంగళూరు_బాబాయ్
సరే, సిమెంటు మాట వెనక్కి తీసుకుంటున్నా. కంకర తిన్నారు.

#31 రిటైర్డ్_ఏఈ
గోడ వెనక రెండడుగుల మందాన రాళ్లూ కంకరా వడపోతలా పొయ్యాలి, పైపులు మీటరున్నరకి ఒకటి, బయటికి వాలుగా, గోడ ఆ చివర నుంచి ఈ చివర దాకా. కప్పెట్టేశాక కనపడని పని ఇది. కనపడని పనికి ఫోటో ఉండదు. చిట్లిన కాలువ ఇంకా ఘోరం, కాలువ లేకపోతే నీళ్లు కొండంతా చెదిరి పోయేవి, ఇప్పుడు కాలువ అన్నిటినీ పోగుచేసి ఒక్క చోట దింపుతోంది. నా సర్వీసులో కొత్త గోడలకి డబ్బులు తేలిగ్గా వచ్చేవి, మే నెలలో కాలువల్లో ఆకులు తియ్యడానికి నలుగురు కూలీల మస్టర్ రాస్తే వంద ప్రశ్నలు.

కానీ ఇవన్నీ తర్వాత. మాస్టారూ, ఆ నెలవంక పగులే నాకు భయంగా ఉంది. గోడ సంగతి వదిలెయ్యండి. తిన్నటి పగులైతే తారు పాతబడిందనుకోవచ్చు, వంగిన పగులంటే ఆ ముక్క గిన్నెలా జారడానికి సిద్ధమవుతోందని. పగులుకి అటూ ఇటూ ఒక్కో మేకు దిగ్గొట్టి మధ్య దూరం స్కేలుతో కొలిచి తేదీ రాయండి. ఈలోపు తారు ముద్దో, జిగట బంకమట్టో కూరి పగులు మూయించండి, నీళ్లు దిగకూడదు.

#32 మాడుగుల_మాస్టారు
మేకులు కొట్టాం. ఆదివారం సాయంత్రం: 11.4 సెంటీమీటర్లు.

#33 మాడుగుల_మాస్టారు
మంగళవారం రాత్రంతా వాన. బుధవారం పొద్దున: 12.1.

#34 గ్రెఫ్_మాజీ
ఒక్క వానకి ఏడు మిల్లీమీటర్లా? లోయవైపు బండ్లు పోనివ్వకండి. ఇప్పుడే. పర్మిషన్ కోసం ఆగకండి, రాళ్లు అడ్డం పెట్టి తర్వాత చెప్పండి.

#35 రిటైర్డ్_ఏఈ
అదే మాట. బస్సు కొండవైపు గోడకి ఆనుకుని వెళ్లాలి, లోడు లారీలు అసలొద్దు. రెండు తేదీల ఫోటోలు, స్కేలు కనపడేలా తీసినవి, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కి పంపండి. గోడ బాగోలేదని రాయొద్దు, పగులు మూడు రోజుల్లో ఏడు మిల్లీమీటర్లు పెరిగిందని రాయండి. అంకె ఉన్న కాగితాన్ని పక్కన పడెయ్యడానికి ఎవరికైనా భయమే.

#36 కాఫీతోట
మా కుర్రాళ్లు ఆరుగురు వచ్చారు. నాలుగు తారు డ్రమ్ములు, ఎర్ర చీర ముక్కలు కట్టాం. పై కాలువలో ఆకులు తీసేసి చిట్లిన చోట టార్పాలిన్ పరిచి నీళ్లు పక్క గెడ్డలోకి మళ్లించాం. ఆ టార్పాలిన్ కాఫీ ఆరబెట్టుకునేది, ఎవరైనా పట్టుకుపోతే ఊరుకోను.

#37 జేసీబీ_సూరి
సాయంత్రం ఫోన్ వచ్చింది, వస్తున్నాను. ఈసారి పాదం ముట్టనని ముందే చెప్పాను. టిప్పర్ కూడా అడిగాను, చూద్దామన్నారు.

#38 మాడుగుల_మాస్టారు
గురువారం పొద్దున: 12.1. పెరగలేదు. బస్సు డ్రైవరు డ్రమ్ముల దగ్గర దిగి, మేకులు చూసి, మమ్మల్ని కూడా దింపేసి ఖాళీ బస్సు దాటించాడు. అందరం గోడ పక్కగా నడిచాం. సాయంత్రం మళ్లీ కొలుస్తాను.